ముళ్ల పీపాను బతికించుకోవడం

ఫెరోకాక్టస్ ప్రజాతిలో దాదాపు 30 జాతులున్నాయి. అన్నీ అమెరికా నైరుతి ఎడారుల్లోనూ మెక్సికోలోనూ పుట్టినవే. లాటిన్‌లో ‘ఫెరాక్స్’ అంటే భీకరమైనది. బ్రిట్టన్, రోజ్ అనే ఇద్దరు అమెరికన్ వృక్షశాస్త్రవేత్తలు 1922లో ఈ గుంపును వేరు చేసి, ముళ్లను చూసి ఆ పేరు పెట్టారు. మన నర్సరీల్లో అందరూ దీన్ని ‘బ్యారెల్ కాక్టస్’ అంటారు. ఆకారం నిజంగా పీపాదే: కొమ్మలుండవు, ఆకులుండవు, నిలువు మడతలు పడ్డ లావుపాటి ఒళ్లు, దాని నిండా ముళ్లు.

ఆ ముళ్లను చూసి కొనకుండా వెనక్కి తగ్గేవారు కొందరైతే, కొని తెచ్చి ఏడాది తిరగకుండానే కుళ్లబెట్టుకునేవారు అంతకంటే ఎక్కువ. ఎందుకలా జరుగుతుంది? ఎడారి మొక్కకు నీళ్లెందుకని ఒకరు ఎండాకాలమంతా చుక్క పోయరు. పాపం ఎండిపోతోందని ఇంకొకరు రోజూ గ్లాసుడు పోస్తారు. ఇద్దరూ ‘ఎడారి’ అన్న మాటను బట్టి పెంచుతున్నారు తప్ప ఎదురుగా ఉన్న మొక్కను చూడటం లేదు. నిజానికి ఈ మొక్కకు ఏం కావాలో దాని ఒంటి మీదే కనిపిస్తుంది. ఒకసారి చూడటం అలవాటైతే గులాబీ కంటే తేలిగ్గా పెరిగే మొక్క ఇది.

ముందుగా మడతలు. ఇవి హార్మోనియం తిత్తిలా పనిచేస్తాయి. వాన పడ్డప్పుడు ఒళ్లు నీటితో ఉబ్బి మడతలు విప్పారతాయి. నెలల తరబడి వాన లేకపోతే లోపలికి ముడుచుకుంటాయి. చర్మం చిట్లకుండా నీటిని దాచుకోవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. అందువల్ల మడతలు కాస్త దగ్గరపడ్డాయంటే మొక్క చచ్చిపోతోందని కాదు, దాచుకున్న నీటిని వాడుకుంటోందని అర్థం.

మడతల అంచుల వెంట వరసగా మెత్తటి దిండ్లలాంటి చుక్కలు కనిపిస్తాయి. వీటిని ఏరియోల్స్ అంటారు. ముళ్లు, పూలు పుట్టేది వీటి నుంచే. ఈ చుక్క ఉంటేనే కాక్టస్, లేకపోతే కాదు. ముళ్లు ఆకుల రూపాంతరాలు. జంతువులను దూరంగా ఉంచడం వాటి పనుల్లో ఒకటి మాత్రమే. ముళ్లు దట్టంగా ఉన్న జాతుల్లో అవి మొక్క నెత్తికి గొడుగు పట్టినట్టు నీడనిస్తాయి, చలికాలపు రాత్రుల్లో లేత చిగురును మంచు దెబ్బ నుంచి కాస్తాయి. ముల్లంతా పొడిబారిన గట్టి పదార్థం. దానికి నీళ్లూ అక్కర్లేదు, ఎరువూ అక్కర్లేదు.

వేర్లు లోతుకు పోవు. నేల పైపొరలోనే, కొద్ది అంగుళాల లోతులోనే, పక్కలకు పాకుతాయి. ఎడారిలో చిన్న జల్లు పడితే తడిసేది ఆ పైపొరే కదా. ఇక గాలి పీల్చుకునే పని మొక్క పగలు చెయ్యదు. రంధ్రాలను రాత్రి తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లం రూపంలో దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటుంది. పగటి వేడికి నీరు ఆవిరైపోకుండా ఇదో జాగ్రత్త. తలుపులు మూసిన వేడి గదిలో కంటే రాత్రి గాలాడే డాబా మీద ఈ మొక్క బాగుండటానికి కారణం ఇదే.

ఇంత తెలిశాక పెంపకం కష్టమేమీ కాదు.

1. కొనేముందు పోల్చుకోవాలి

నర్సరీలో ‘బ్యారెల్ కాక్టస్’ అని అడిగితే చాలాసార్లు చేతికిచ్చేది బంగారు రంగు ముళ్లున్న గుండ్రటి మొక్కను. దాన్ని గోల్డెన్ బ్యారెల్ అంటారు. అది ఫెరోకాక్టస్ కాదు, దాని దాయాది. చాలాకాలం ఎకినోకాక్టస్ గ్రూసోనీ అన్నారు, ఇప్పుడు దాన్ని క్రోన్లీనియా అనే వేరే ప్రజాతిలో పెట్టినవారూ ఉన్నారు. నెత్తి మీద పసుపు రంగు నూగు దట్టంగా ఉండి, పూలు ఆ నూగులో సగం కూరుకుపోయి ఉంటే అది గోల్డెన్ బ్యారెలే. ఫెరోకాక్టస్ నెత్తి మీద అంత నూగు ఉండదు. పొరపాటున అదే తెచ్చుకున్నా నష్టం లేదు, పెంపకం రెంటికీ దాదాపు ఒకటే. మరో సంగతి, ప్రపంచమంతా కుండీల్లో లక్షలుగా కనిపించే ఈ గోల్డెన్ బ్యారెల్ సొంత ఊళ్లో అపురూపం. మెక్సికోలో జిమపాన్ ఆనకట్ట కట్టినప్పుడు అది పెరిగే లోయలో చాలా భాగం నీట మునిగింది.

రెండో పొరపాటు జెముడు మొక్కలతో వస్తుంది. పల్లెల్లో పొలం గట్ల మీద కంచెగా పెరిగే బొంతజెముడు, కాడజెముడు వంటివి గిల్లితే తెల్లటి పాలు కారతాయి. అవి కాక్టస్‌లు కావు, యుఫోర్బియాలు. నాగజెముడు మాత్రం అసలైన కాక్టసే, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చినదే. తేడా తెలుసుకోవడానికి నర్సరీలో మొక్కను గిల్లక్కర్లేదు, ముళ్ల మొదట్లో ఏరియోల్ దిండు ఉందో లేదో చూస్తే చాలు. జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం కూడా.

నెత్తి మీద రంగురంగుల కాగితం లాంటి పువ్వు ఉన్న చిన్న కాక్టస్ ఎవరిని ఆకర్షించదు? చాలావరకు అది ఎండబెట్టిన వేరే పువ్వును జిగురుతో అంటించినది. నీలం, గులాబీ రంగు ముళ్లున్నవి రంగు పూసినవి. రంగు పూత కింద చిగురు ఊపిరాడక అవస్థ పడుతుంది. అలాంటివి వదిలేసి, పూలు లేకపోయినా నెత్తి మీద కొత్త ముళ్లు మెరుస్తున్న మొక్కను ఎంచుకోవడం మేలు. కుండీని మెల్లగా కదిపి చూడాలి. మొక్క మొదలు ఊగుతుంటే లోపల వేర్లు లేవన్నమాట.

2. స్థలాన్ని బట్టి జాతి

బాల్కనీ చిన్నదైతే ఫెరోకాక్టస్ లాటిస్పైనస్ బాగుంటుంది. ఇది పొట్టిగా, బల్లపరుపుగా పెరుగుతుంది. మధ్యలోంచి వచ్చే ఎర్రటి వెడల్పు ముల్లు నాలుకలా ఉంటుందని దీన్ని ఇంగ్లిష్‌లో ‘సైతాను నాలుక’ అంటారు. మిగతావాటిలా వేసవిలో కాకుండా శరదృతువు చివర పూస్తుంది. నీలిబూడిద రంగు ఒంటి మీద పసుపు ముళ్లు కావాలనుకుంటే గ్లాసెసెన్స్. ఎర్రటి నిప్పుకణికల్లాంటి ముళ్లు, మధ్యలో తెల్లటి వెంట్రుకలు ఉండేది పైలోసస్. దీనికి పెద్ద డాబా, లేదా నేల కావాలి.

గాలం లాంటి ముల్లున్నది విస్లిజెనీ. 1846లో న్యూ మెక్సికో, ఉత్తర మెక్సికోల వైపు ప్రయాణించిన జర్మన్ వైద్యుడు విస్లిజేనస్ పేరు మీద వచ్చిన పేరది. ఆరిజోనా రోడ్ల పక్కన కనిపించే పీపాల్లో ఇదే ఎక్కువ. ఫీనిక్స్, టక్సన్‌లలో ఉండే తెలుగువారి ఇళ్ల ముందు రాళ్ల తోటల్లోనూ ఉంటుంది. అందంగా ఉంది కదా అని చిన్న పిల్లలున్న ఇంటి నడవాలో దీన్ని పెట్టడం మాత్రం అవివేకం. ఆ ముల్లు గుచ్చుకుంటే నేరుగా లాగితే రాదు.

అన్నిటికంటే ఎత్తుగా పెరిగేది డిగెటీ. కాలిఫోర్నియా సింధుశాఖలోని దీవుల్లో 4 మీటర్ల దాకా ఎదుగుతుంది. కుండీకి పనికిరాదు.

3. కుండీ, మట్టి

వేర్లు పైపైనే పాకుతాయి కాబట్టి లోతు కుండీ కంటే వెడల్పు మట్టి కుండీ నయం. మొక్క ఒంటి కంటే చుట్టూ ఒక అంగుళం ఎక్కువ ఉంటే చాలు. పెద్ద కుండీలో పెడితే త్వరగా పెరుగుతుందనుకోవడం సహజమే. కానీ వేర్లు చేరని మట్టి తడిగానే ఉండిపోతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది.

నర్సరీ మొక్కలు ఎక్కువగా కోకోపీట్‌లో వస్తాయి. ఆకుల మొక్కలకు అది వరం, పీపా కాక్టస్‌కు ఉరితాడు. ఎండితే గట్టి ముద్దయిపోయి నీరు పీల్చదు, తడిస్తే వారం దాటినా ఆరదు. తెచ్చిన కొద్ది రోజుల్లోనే దాన్ని దులిపేసి మార్చడం మంచిది. కొత్త మిశ్రమంలో సగానికి పైగా రాయి లాంటిది ఉండాలి: వేరుశనగ గింజంత ఇటుక ముక్కలు, సన్న కంకర, దొరికితే పెర్లైట్ లేదా ప్యూమిస్. మిగతాది తోట మట్టి, బాగా మాగిన ఎరువు. ఎడారి అంటే ఇసుక కదా అని మెత్తటి ఇసుక నింపేవారున్నారు. మెత్తటి ఇసుక సందులన్నీ పూడ్చేసి గాలి ఆడనివ్వదు. సముద్రపు ఇసుకలో ఉప్పు కూడా ఉంటుంది.

మార్చిన వెంటనే నీళ్లు పొయ్యకూడదు. తెగిన వేర్ల కొసలు ఆరి గట్టిపడటానికి వారం రోజులు కావాలి. దాహంతో ఉన్న మొక్కను చూసి మనసు ఆగకపోవచ్చు, అయినా ఆగాలి. ఒంట్లో నెలలకు సరిపడా నీరుంది.

4. నీళ్లు

ఈ అధ్యాయంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంటే చాలు. టక్సన్ నగరంలో ఏడాదికి సుమారు 300 మి.మీ. వాన పడుతుంది. అనంతపురంలో సుమారు 550, హైదరాబాద్‌లో 800 పైన, విశాఖపట్నంలో 1000 పైన. అంటే తెలుగు నేలలో కరవు సీమ అనిపించుకున్న చోట కూడా ఈ మొక్క సొంత ఊరి కంటే ఎక్కువ వానే ఉంది. ఎండిపోయి చచ్చే అవకాశం తక్కువ, నాని చచ్చే అవకాశం ఎక్కువ.

అలాగని అసలు నీళ్లొద్దనడం తప్పు. సొనోరా ఎడారిలో జులై నుంచి సెప్టెంబర్ దాకా వర్షాకాలం ఉంటుంది. పీపాలు ఒళ్లు చేసేది అప్పుడే. ఆ వానలు ఎలా పడతాయో చూస్తే పద్ధతి తెలిసిపోతుంది: ఉరుములతో ఒక్కసారిగా కుమ్మరించి, ఆపైన రోజుల తరబడి ఎండ కాస్తుంది. కుండీలోనూ అంతే. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పొయ్యాలి. తర్వాత పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. రోజూ అర గ్లాసు పొయ్యడం రెంటికీ చెడటమే: కింది వేర్లకు నీరందదు, పైన మొదలు ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చీపురు పుల్ల ఒకటి కుండీ అంచున అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తియ్యాలి. పుల్లకు చెమ్మగానీ మట్టిగానీ అంటితే ఇంకా ఆగాలి. కొన్నాళ్లకు కుండీని ఎత్తి చూస్తేనే బరువును బట్టి తెలిసిపోతుంది. ‘పది రోజులకోసారి’ లాంటి లెక్కలు నమ్మడానికి లేదు. కర్నూలు డాబా మీద నాలుగు రోజుల్లో ఆరే కుండీ కాకినాడ సముద్రపు గాలిలో రెండు వారాలైనా ఆరకపోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మొక్క ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు పోస్తే సాయంత్రం పొయ్యాలి, మధ్యాహ్నం కాదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ముసురు పట్టే రోజుల్లో సన్‌షేడ్ కిందకో, పారదర్శకమైన రేకు కిందకో జరపాలి. ఒక జోరు వాన తడిపితే మంచిదే, వారం రోజుల ముసురే ప్రమాదం. డిసెంబర్, జనవరిలో దాదాపు మానెయ్యవచ్చు.

పీపా కాక్టస్‌ను కోస్తే లోపల తాగేందుకు మంచినీళ్లుంటాయన్న కథ ఒకటి ఎడారి సినిమాల పుణ్యమా అని ప్రచారంలో ఉంది. లోపల ఉండేది నీటి తొట్టి కాదు, తడి గుజ్జు. చాలా జాతుల రసంలో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది, తాగితే వాంతులు, విరేచనాలు అయ్యి ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పోతాయి.

5. ఎండ అలవాటు చెయ్యాలి

పూర్తి ఎండ లేకపోతే ముళ్లు సన్నబడి రంగు తగ్గుతాయి, నెత్తి కోసుగా సాగుతుంది. ఒకసారి సాగిన భాగం మళ్లీ గుండ్రంగా కాదు. అయితే షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి నేరుగా ఏప్రిల్ ఎండలో పెడితే? రెండు రోజుల్లో ఒక పక్క తెల్లగా పాలిపోతుంది, తర్వాత అట్టలా గోధుమరంగు తిరుగుతుంది. ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. మొదట ఉదయపు ఎండ, రెండు మూడు వారాల మీద మెల్లగా పూర్తి ఎండ. నల్ల ప్లాస్టిక్ కుండీని కాలే సిమెంట్ డాబా మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద పెడితే వేర్లు ఉడకవు.

విస్లిజెనీని ‘దిక్సూచి బ్యారెల్’ అని కూడా అంటారు. సొంత ఎడారిలో అది దక్షిణానికో నైరుతికో ఒరుగుతుంది. నీడ పడే ఉత్తరపు వైపు కాస్త వేగంగా పెరగడం దీనికి కారణమంటారు. కొన్ని ముసలి మొక్కలు ఒరిగి ఒరిగి చివరికి వేళ్లతో సహా పడిపోతాయి. ఇందులో పెంచేవారికి పనికొచ్చే విషయం ఒకటుంది: ఎండ తగిలే వైపు చర్మం గట్టిపడి ఉంటుంది, నీడవైపు లేతగా ఉంటుంది. కుండీ మార్చేముందు సుద్దముక్కతో దక్షిణపు వైపు గుర్తు పెట్టుకుని, మళ్లీ అదే దిక్కుకు నిలబెట్టాలి.

6. ముట్టుకునే పద్ధతి

చేతి తొడుగులు ఒక్కటే చాలవు, గాలపు ముల్లు తోలును కూడా పట్టుకుంటుంది. చిన్న మొక్కను పాత దినపత్రికను నాలుగైదు మడతలు పెట్టి బెల్టులా చుట్టి ఎత్తాలి. పెద్దదాన్ని గోనెసంచిలో చుట్టి ఇద్దరు పట్టుకోవాలి. ముల్లు గుచ్చుకున్నప్పుడు ఉలిక్కిపడి చెయ్యి లాక్కోకుండా, ముందుకు కాస్త నెట్టి కొక్కెం విడిపించి, ఆ తర్వాత బయటికి తియ్యాలి. నాగజెముడులా కంటికి కనపడని సన్న నూగు ముళ్లు ఫెరోకాక్టస్‌కు ఉండవు. ఉన్నవి పెద్దవే, కనిపించేవే. అదో ఊరట.

7. చీమలు, పురుగులు

మొక్క మీద చీమలు కనపడగానే మందు కొట్టడం చాలామంది చేసే పొరపాటు. ఫెరోకాక్టస్ ఏరియోల్స్ దగ్గర చిన్న తేనె గ్రంథులుంటాయి. పూలతో వాటికి సంబంధం లేదు. ఆ తీపి కోసం చేరిన చీమలు మొక్కను తినవచ్చే పురుగులను తరిమేస్తాయి. ఎడారిలో ఇది కూలీకి కావలి కాసినట్టే. కుండీలో మాత్రం ఆ తేనె కారి, దాని మీద నల్లటి బూజు పడుతుంది. మొక్కకు పెద్ద హాని లేదు గానీ చూడటానికి మసి పూసినట్టుంటుంది. ఎండ ఉన్న రోజు పొద్దున్నే నీళ్లు చిమ్మి కడిగితే పోతుంది.

చీమలతో పాటు ముళ్ల మొదట్లో తెల్లటి దూదిలాంటిది కనపడితే సంగతి వేరు. అది పిండినల్లి. చీమలు దాన్ని పాడిపశువులా కాపాడతాయి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటే తుడవాలి. చర్మం మీద బూడిద రంగు గీరలు పాకుతుంటే ఎర్రనల్లి అనుకోవచ్చు. వేపనూనె ద్రావణం సాయంత్రం పూట చల్లాలి, ఎండలో చల్లితే ఒళ్లు కాలుతుంది.

8. కుళ్లా, వయసా?

మొక్క మొదలు దగ్గర గోధుమరంగు బెరడు కట్టగానే కంగారుపడి మొక్కను పారేసినవారున్నారు. వేలితో, లేదా కర్రముక్కతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే అది వయసుతో వచ్చే బెరడు. ఎడారిలో ఇవి అర్ధ శతాబ్దానికి పైగా బతుకుతాయి, మొదలు ముదరకుండా ఎలా ఉంటుంది? మెత్తగా దిగబడితే, తడి మరక పైకి పాకుతుంటే, వాసన వస్తుంటే కుళ్లు.

కుళ్లు కిందే ఉంటే శుభ్రమైన కత్తితో పైభాగం కోసి, కోత మధ్యలోని వలయం చూడాలి. అక్కడ నారింజ, గోధుమరంగు చుక్కలుంటే ఇంకా పైకి కొయ్యాలి. ప్రతిసారీ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. శుభ్రమైన లేతాకుపచ్చ కోత దొరికాక గంధకం పొడి అద్ది, నీడలో కనీసం రెండు మూడు వారాలు ఆరబెట్టి, పొడి కంకర మిశ్రమం మీద కూర్చోబెట్టాలి. వేర్లు రావడానికి నెలలు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. చాలా జాతులు పిలకలు వెయ్యవు కాబట్టి రెండో మొక్క ఆశ కూడా ఉండదు. నీళ్ల గురించిన నాలుగో భాగం మీద అన్ని పేరాలు ఖర్చు పెట్టింది అందుకే.

9. పువ్వు, కాయ, విత్తనం

పూలు నెత్తి మీద కిరీటంలా వలయంగా వస్తాయి. జాతిని బట్టి పసుపు, నారింజ, ఎరుపు, ఊదా. నిమ్మకాయంత మొక్క ఎన్ని ఎరువులు వేసినా చాలావరకు పూయదు. ఒళ్లు, వయసు, ఎండ మూడూ కుదరాలి. నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే ఒళ్లు ఉబ్బి పగులుతుంది తప్ప మొగ్గ రాదు. లాటిస్పైనస్ లాంటి పొట్టి జాతులు కాస్త ముందుగా కరుణిస్తాయి.

విస్లిజెనీ కాయలు పసుపుగా, చిన్న అనాసపండ్లలా ఉంటాయి. వాటి మీద ముళ్లుండవు. ఎడారిలో జింకలు, హవెలీనా అనే పందిలాంటి జంతువులు తింటాయి. మెక్సికోలో పీపా ఒంటి గుజ్జును చక్కెర పాకంలో ఉడికించి ‘అసిత్రోన్’ అనే మిఠాయి చేసేవారు. మన బూడిదగుమ్మడి పేఠాకు అది చుట్టం లాంటిది. తేడా ఏమిటంటే గుమ్మడికాయ మరుసటి ఏడు మళ్లీ కాస్తుంది, పీపాను నరికితే దశాబ్దాల మొక్క పోతుంది. అడవిలోని మొక్కలు తరిగిపోవడంతో మెక్సికో దాని అమ్మకాన్ని నిషేధించింది. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అంతర్జాతీయ వాణిజ్యానికి సంబంధించిన సైటిస్ ఒప్పందం కిందికి వస్తుంది. ఆరిజోనాలో ప్రభుత్వ భూమిలోంచో ఇతరుల భూమిలోంచో అనుమతి లేకుండా తవ్వితే నేరం. అక్కడున్న బంధువుల పెట్టెలో మొక్క తెప్పించుకోవాలన్న ఆలోచన మానుకోవడమే మంచిది. విమానాశ్రయంలో మొక్కతో పాటు మర్యాద కూడా పోతుంది.

విత్తనం నుంచి పెంచడం ఓపికున్నవారికి మంచి పని. ఒక్క మొక్కే ఉంటే సాధారణంగా కాయ కట్టదు. ఒకే జాతివి రెండు ఒకేసారి పూస్తే చిన్న కుంచెతో పుప్పొడి అటూ ఇటూ మార్చవచ్చు. పండిన కాయను తిప్పి లాగితే అడుగున రంధ్రం పడి, నల్లటి సన్న గింజలు ఉప్పుడబ్బాలోంచి రాలినట్టు రాలతాయి. వాటిని సన్న కంకర మిశ్రమం మీద చల్లి, పైన మట్టి కప్పకుండా, మూత ఉన్న డబ్బాలో నీడపట్టు వెలుతురులో ఉంచాలి. 25 డిగ్రీల దగ్గర బాగా మొలుస్తాయి. మొలకకు మడతలుండవు, బుడిపెలే ఉంటాయి. వేరే మొక్క మొలిచిందనుకుని పీకెయ్యకూడదు. పెరిగే కొద్దీ ఆ బుడిపెలే ఒకదానితో ఒకటి కలిసి నిలువు మడతలవుతాయి.